బొమ్మలో మొహం ఏదీ?

పేపరు గుమ్మంలో పడ్డ చప్పుడు వినపడగానే ముందు లేచేది అత్తగారే. కోడలు కళ్లు నులుముకుంటూ బయటికొచ్చేసరికి ఆవిడ అప్పటికే కిటికీ పక్క కుర్చీలో చేరి, భూతద్దం పట్టుకుని, పేపరుతో దెబ్బలాటకి సిద్ధంగా ఉంటుంది. ఆ రోజూ అంతే.

"అమ్మాయ్, ఇవాళా చేతులే వేశారు. ఈవిడకి మొహం లేదా?"

కోడలు వంటింటివైపు నడిచింది. ఆ పేజీ చూడక్కర్లేకుండానే ఆమెకి తెలుసు. పింఛను ఆగినా, చలిగాలి వీచినా, ముసలివాళ్లకి ఒంటరితనం ఎక్కువైందని ఏ పండితుడో కనిపెట్టినా, వ్యాసం పక్కన పడేది ఆ బొమ్మే. ఒళ్లో ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న ముడతల చేతులు. పైన మెడ లేదు, మొహం లేదు. కోడలు పనిచేసేది ఆ పేపర్లోనే. ఏ వార్త పక్కన ఏ బొమ్మ పడాలో చూడటమే ఆమె ఉద్యోగం. ఆఫీసులో చిన్నాపెద్దా అందరికీ ఆమె ఫొటోలక్క. జుట్టు నెరిసింది, మోకాళ్లు అరిగాయి, ఉద్యోగం చివరికొచ్చింది. ఆ చేతుల బొమ్మని మాత్రం వదిలించుకోలేకపోయింది.

"నిన్నే! చెవులు పోయింది నాకా, నీకా?"

"విన్నాను అత్తయ్యా. కాఫీ పెట్టనివ్వండి. తాగాక తిడుదురుగాని."

"కాఫీ తాగితే కోపం చల్లారిపోతుంది. ఇప్పుడే తిడతాను."

అత్తగారంటే ఆషామాషీ మనిషి కాదు. సిటీ బస్సులో కండక్టరుగా చేసి, కిక్కిరిసిన జనంలో ఆ చివరినించి ఈ చివరికి గొంతుతోనే దారి చేసుకున్న మనిషి. ఆవిడ రిటైరైంది గాని ఆ గొంతు రిటైరవలేదు. మామగారు పోయారు, ఆ తరవాత కొన్నేళ్లకి కొడుకూ పోయాడు. మూడో అంతస్తులో ఆ రెండు గదుల ఇంట్లో చివరికి మిగిలింది అత్తాకోడళ్లిద్దరే. ఏడుపులు ఎప్పుడో అయిపోయాయి. దెబ్బలాటలు మాత్రం ఉంచుకున్నారు. అవీ లేకపోతే ఇల్లు బోసిగా ఉంటుంది మరి.

ఫొటోలక్కకి ఈ పిచ్చి పట్టించింది కూడా ఆవిడే. "ముసలివాళ్లంటే చేతులేనా? నవ్వేవాళ్లు లేరా, సైకిలు తొక్కేవాళ్లు లేరా, పక్కింటివాళ్లతో తగువులాడేవాళ్లు లేరా?" అని రోజూ చెవిలో జోరీగలా పోరుపెట్టేది. ఇంట్లో ఆ పోరు పడలేక కోడలు ఆఫీసులో పోరు మొదలుపెట్టింది. ఈతకొలనులోకి దూకుతున్న తాతయ్య, కుట్టుమిషను విప్పి నూనె పోస్తున్న పెద్దావిడ, చదరంగంలో ఓడిపోయి బల్ల గుద్దుతున్న పంతులుగారు, ఇలా మొహాలున్న బొమ్మల్ని ఒక్కొక్కటీ పేపర్లోకి ఎక్కించింది. ఒక్కోదానికీ ఒక్కో యుద్ధం. "ఇంత హుషారుగా ఉంటే చదివేవాడికి జాలెలా పుడుతుందక్కా?" అని అడిగినవాళ్లున్నారు. గెలిచినవి కాసిని, ఓడినవి బోలెడు. ఈ మధ్య ఓడినప్పుడు కోపం కూడా రావడం లేదు. నిద్రొస్తోంది.

ఆ గెలిచిన కాసినింటికే ఆ సాయంత్రం అవార్డు. ఊళ్లో పెద్దవాళ్ల సంఘం ఒకటుంది. పత్రికల్లోనూ టీవీల్లోనూ ముసలివాళ్లని మనుషుల్లా చూపించినవాళ్లని ఏటా ఒకరిని పిలిచి గౌరవిస్తుంది. ఈసారి ఫొటోలక్కని పిలిచారు.

"నేనూ వస్తాను," అంది అత్తగారు.

"మెట్లు దిగగలరా?"

"దిగడం నా పని. ఎక్కించడం నీ పని."

ఆవిడ వస్తానన్నది ఊరికే కాదు. ఆవిడకో కోరికుంది. ఆమధ్య డిపోలో ఆవిడతో కలిసి పనిచేసిన స్నేహితురాలు పోతే మర్నాడు పేపర్లో మొహం వేశారు. అదీ నల్లజుట్టునాటి ఫొటో. అత్తగారు భూతద్దంలోంచి దాన్ని చాలాసేపు చూసి, "మన మొహం పేపర్లో పడాలంటే చావాలన్నమాట," అంది. మళ్లీ కాసేపటికి, "నాది బతికుండగా పడాలి అమ్మాయ్. ఇప్పటి మొహం. చూసుకుని నేనే వంకలు పెట్టుకోవాలి," అంది. గుండె డాక్టరు ఈమధ్య ఆవిడతో మాట్లాడటం మానేసి కోడలివైపు చూసి మాట్లాడుతున్నాడు. అంచేత ఆ కోరికకి ఆట్టే వ్యవధి లేదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ పైకి అనరు.

చిక్కేమిటంటే, ఇంటివాళ్ల బొమ్మలు పేపర్లో వెయ్యకూడదని పట్టుబట్టింది ఫొటోలక్కే. ఎడిటరుగారు వాళ్ల నాన్నగారి ఫొటో తెచ్చి బల్లమీద పెడితే, "పేపరు మన ఇంటి ఆల్బం కాదు సార్," అని తిరిగిచ్చేసిన మనిషి. అప్పుడు అంత మాటన్నాక ఇప్పుడు అత్తగారి బొమ్మ వేస్తే నలుగురూ ఏమంటారు? నలుగురి సంగతి సరే, తనకి తను ఏం చెప్పుకుంటుంది? ఆ సంగతి అత్తగారికీ తెలుసు. తెలిసే నోరు తెరిచి అడగదు. అడిగితే కాదనడం తేలికయ్యేది.

సాయంత్రం హాల్లో కుర్చీలు ఎక్కువ, మనుషులు తక్కువ. ఫ్యాన్లు గాలికంటే చప్పుడే ఎక్కువ చేస్తున్నాయి. ముఖ్య అతిథి మైకు పట్టుకుని వదల్లేదు. వృద్ధాప్యం రెండో బాల్యం అన్నాడు.

"మొదటిదే నాకు సరిగ్గా దొరకలేదు, రెండోది ఎక్కణ్ణించి తెస్తాడు?" అంది అత్తగారు. గుసగుసగానే అన్నాననుకుంది. వెనక వరసదాకా నవ్వారు.

ఫొటోలక్క చేతిలో బరువైన గాజు జ్ఞాపిక పెట్టారు. ఆఫీసునించి వచ్చిన ఫొటోగ్రాఫరు రెండు ఫొటోలు తీసుకుని, ఇంకోచోట పనుందని వెళ్లిపోయాడు. మాట్లాడమంటే ఆమె మైకు దగ్గరికి వచ్చింది. నిలబడితే మోకాళ్లు పీకుతున్నాయి.

"ఇందులో నా గొప్పేం లేదండి. పొద్దున్నే తిట్టేవాళ్లు ఇంట్లో ఉంటే ఎవరైనా ఈ పని చేస్తారు. ఒక్క చేతుల బొమ్మ మాత్రం ఇప్పటికీ నావల్ల కాలేదు. అవెవరివో, ఎక్కడివో, ఆవిడ మొహం ఎలా ఉంటుందో తెలిస్తే బాగుండునని మా అత్తగారు రోజూ అంటారు," అని దిగిపోయింది.

సభ అయ్యాక టీలు తాగుతుంటే ఒక పెద్దాయన మెల్లిగా దగ్గరికొచ్చాడు. మెడలో డిజిటల్ కెమెరా. ఆఫీసులో ఒకప్పుడు అందరూ కెమెరా మామయ్య అని పిలిచే ఫొటోగ్రాఫరు. రిటైరయ్యాక మనిషి సగమయ్యాడు గాని కెమెరా మాత్రం దింపలేదు. పక్కనే ఆయన భార్య.

"అమ్మా, ఆ చేతుల బొమ్మ నేను తీసిందే," అన్నాడు.

"మీరా మామయ్యా! ఎవరివి అవి?"

ఆయన తల గోక్కున్నాడు. భార్య వైపు చూశాడు. ఆవిడ టీకప్పులోకి చూస్తోంది.

"ఇదిగో, ఈవిడవే. అప్పటికి కొత్తగా కాపరానికొచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు."

"పాతికేళ్లా!"

"ఏం చెయ్యనమ్మా, ముసలమ్మ ఫొటో ఒకటి అర్జెంటుగా కావాలన్నారు. బయట చూస్తే కుండపోత వాన. అప్పుడే ఈవిడ దుప్పట్లన్నీ ఉతికి వచ్చి కూలబడింది. నీళ్లలో నాని వేళ్లన్నీ ముడతలు తేలాయి. కిటికీలోంచి పక్కవాటుగా వెలుతురు పడుతోంది. తీసేశా. మొహం తీస్తే దొరికిపోతాం కదా, అందుకని చేతుల దగ్గరే ఆపేశా. ఒక్కరోజుకే అనుకున్నా. ఇన్నేళ్లు వేసుకుంటారని నేనేం కలగన్నానా?"

"నేను అప్పుడే చెప్పాను, వద్దు, పాపం తగులుతుందని," అంది ఆయన భార్య. "అప్పుడు లేని ముడతలు ఉన్నాయని వేశారు. ఇప్పుడు నిజంగా వచ్చాయి. ఇప్పుడు తీసే నాథుడు లేడు."

అత్తగారికి సగమే వినపడింది. "ఏంటీ? ఏమంటున్నాడు?" అని కోడల్ని గిల్లింది. కోడలు చెవి దగ్గర నోరుపెట్టి గట్టిగా చెప్పింది. అత్తగారు ముందు నమ్మలేదు. మామయ్య భార్య రెండు చేతులూ లాక్కుని అటూ ఇటూ తిప్పి చూసింది. బొటనవేలి పక్కన చిన్న పుట్టుమచ్చ. రోజూ భూతద్దంలో చూసే పుట్టుమచ్చే.

"నువ్వా! నువ్వేనా! ఇన్నేళ్లూ పొద్దున్నే లేచి నిన్నే కదే తల్లీ తిడుతున్నాను!"

అని, ఏం నవ్వు అది! ఒళ్లంతా ఊగిపోతూ, కళ్లు మూసుకుపోయి, ఉన్న నాలుగు పళ్లూ బయటపెట్టి నవ్వింది. ఆ నవ్వు చూసి అవతలావిడకీ నవ్వాగలేదు. ఒకళ్ల చేతులు ఒకళ్లు పట్టుకుని, పడిపోకుండా ఒకళ్లనొకళ్లు ఆపుకుంటూ నవ్వుతున్నారు. కెమెరా మామయ్య అలవాటు కొద్దీ క్లిక్ అనిపించాడు.

చూపించాడు. ఫొటోలక్క చూసింది, చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆమె చేతికి అలాంటి బొమ్మ రాలేదు. అంచున తన మోచెయ్యి మాత్రం పడింది.

"అత్తగారిని మేం ఇంటిదగ్గర దింపుతాం, నువ్వు ఆఫీసుకి వెళ్లిరా," అన్నాడు మామయ్య, ఫొటో ఆమె ఫోనుకి పంపుతూ. అత్తగారు ఎటో చూస్తూ జుట్టు సర్దుకుంది. అడగకుండా అడగడమంటే అదే.

ఆఫీసులో పేజీలు కట్టే తమ్ముడు కంప్యూటరు ముందున్నాడు. తెరమీద అవార్డు వార్త సిద్ధంగా ఉంది. 'పెద్దవయసుకి మొహం తెచ్చిన మహిళ' అని పెద్ద అక్షరాల్లో శీర్షిక. దాని కింద అవే చేతులు.

ఫొటోలక్క కుర్చీ లాక్కుని కూలబడింది. తిట్టే ఓపిక కూడా లేదు. "ఇదేంటి తమ్ముడూ?"

"అయ్యో, అది ఉంచేది కాదక్కా! మీ ఫొటో వచ్చేదాకా జాగా కోసం పెట్టా."

ఆ ఆఫీసు అలవాటే అది. ముసలివాళ్ల వార్త అనగానే ముందు చేతులు పెట్టి జాగా ఆపుతారు. అసలు బొమ్మ వచ్చాక మారుద్దామనుకుంటారు. తీరా పేజీ వెళ్లే హడావుడిలో ఆ మాట ఎవరికీ గుర్తుండదు. చేతులు అలాగే అచ్చయిపోతాయి.

"నేను రాకపోతే?"

తమ్ముడు గబగబా ఫైళ్లు వెతికాడు. "ఆఫీసు ఫొటో వచ్చిందక్కా, అది పెడతా." తీసి చూపించాడు. అందులో ముఖ్య అతిథి నోరు తెరుచుకుని ఉన్నాడు. ఫొటోలక్క కళ్లు మూసుకుని ఉంది. ఇద్దరి మధ్యా గాజు జ్ఞాపిక ఒక్కటే బాగా పడింది.

ఆమె తన ఫోనులోది పంపింది. "ఇదొకటుంది. చూడు."

"ఇందులో మీరు లేరు కదక్కా!"

"మోచెయ్యి ఉంది."

"అవార్డు మీదైతే మోచెయ్యి వేస్తారా ఎవరైనా?"

"విను. ఆ ఎడమవైపావిడ ఈ చేతుల యజమానురాలు. ఆ సంగతి తరవాత చెప్తాను. కుడివైపావిడ మా అత్తగారు. ఇంటివాళ్ల బొమ్మలు వద్దని గోల పెట్టింది నేనే, కాబట్టి వెయ్యమనీ అనను, వద్దనీ అనను. జాగా ఒక్క బొమ్మకే ఉంది. పేజీ నీది. నీకేది బాగుంటే అది పెట్టుకో."

అని కుర్చీ గోడవైపు తిప్పుకుని కళ్లు మూసుకుంది. వెనకాల మౌసు టకటకలు. ఆ కాసేపూ ఆమె ప్రాణం అరచేతిలో ఉంది. ఒక్క మాట అంటే చాలు. తమ్ముడు కాదనడు. ఆ ఒక్క మాటా గొంతులోనే అణిచిపెట్టుకుంది. అత్తగారు జుట్టు సర్దుకోవడం కళ్లముందు తిరుగుతోంది.

వెనకనించి ఫక్కున నవ్వు వినపడింది.

"ఏంటయ్యా?"

"ఏం లేదక్కా. ఆవిడ నవ్వు చూస్తే నాకూ నవ్వొచ్చింది." మళ్లీ టకటకలు. "చేతులు తీసేశా. మీకు కోపమొస్తే రానీండి, మోచెయ్యే ఉంచుతున్నా. కింద ఏం రాయను?"

"ఉన్నది రాయి."

"మీ అత్తగారని కూడా రాయనా?"

"రాయాలి. దాస్తేనే తప్పు." కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

మర్నాడు ఆమె లేచేసరికి పొద్దెక్కింది. ఎవరూ లేపలేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. గబగబా ముందుగదిలోకి వచ్చింది.

అత్తగారు కిటికీ పక్కనే ఉంది. ఒళ్లో నాలుగో పేజీ, దానిమీద భూతద్దం. కదలడం లేదు.

"అత్తయ్యా?"

"నా ముక్కు ఇంత ఉంటుందా అమ్మాయ్?"

కోడలు గోడకానుకుని ఊపిరి పీల్చుకుంది. "అంతే ఉంటుంది."

"పళ్లు మూడే పడ్డాయి. నాలుగున్నాయి నాకు." మళ్లీ భూతద్దం వంచింది. వేలితో బొమ్మ అంచు తడిమింది. "ఇది నీ మోచెయ్యే కదూ? ఎండిపోయింది. కాస్త నూనె రాసుకో."

ఆ తరవాత పేజీలు తిప్పింది. తొమ్మిదో పేజీ దగ్గర ఆగింది. "ఇదిగో, మళ్లీ!"

కోడలు వంగి చూసింది. చలిలో ముసలివాళ్లు జాగ్రత్తగా ఉండాలని నాలుగు వాక్యాలు. పక్కన పాతికేళ్ల చేతులు, ఒళ్లో ఒకదాని మీద ఒకటి.

ఆమె అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. "ఇవాళ నావల్ల కాదు అత్తయ్యా. రేపు వెళ్లి పోరుపెడతాను."

"ఇవాళ పడుకో. ఆ ఫోను ఇలా ఇచ్చి పడుకో. ఆ చేతులావిడ నంబరు కలిపిస్తే చాలు."

కోడలు నంబరు కలిపిచ్చి, ఫ్యాను గాలికి పేపరు ఎగరకుండా నాలుగో పేజీ మీద గాజు జ్ఞాపిక పెట్టి, వెళ్లి మంచమ్మీద వాలింది. కళ్లు మూతలు పడుతుండగా తలుపు సందులోంచి ఆ బస్సు గొంతు వినపడుతూనే ఉంది.

"ఏమే, తొమ్మిదో పేజీ చూశావా? మళ్లీ నువ్వే! మీ ఆయన్ని కెమెరా తెమ్మను. నువ్వు చేతులు దాచుకుని కూర్చో, మొహం ఒక్కటే తీయిద్దాం."