మత్తయి కంటే ముందు

హన్నా వంటింట్లో కోడికూరకు మసాలా నూరుతోంది. ముందు గదిలోంచి మొగుడు సాల్మన్ చెప్పిన జవాబు వినబడగానే ఆమె చేతిలో పొత్రం ఆగిపోయింది.

"మత్తయి సువార్తే అయ్యగారూ. కొత్త నిబంధన పుస్తకాలల్ల అన్నిటికన్న ముందుగాల రాసింది అదే."

తప్పు.

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు అది. సాల్మన్ కాజీపేటలో ఒక చిన్న చర్చికి ఉపదేశి. పాస్టరు కావాలంటే బైబిలు ఎలా పుట్టింది, అందులోని పుస్తకాలను ఏ వరుసలో ఎందుకు కూర్చారు అన్న విషయం మీద ఇరవై పేజీలు రాయాలి, అడిగినవాటికి జవాబు చెప్పాలి. పోయినేడు తప్పాడు. ఈసారి కూడా తప్పితే ఉపదేశి పని పోతుంది, చర్చి ఇచ్చిన ఈ రెండు గదుల ఇల్లూ పోతుంది. పరీక్ష చేయడానికి వరంగల్ నుంచి వచ్చిన సుందర్ రావు అయ్యగారు ఆ ఇరవై పేజీలూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాటిలో సాల్మన్ సొంతంగా రాసిన వాక్యం ఒక్కటీ లేదు. అన్నీ హన్నావే.

రెండేళ్లుగా అతని పేరు మీద పోస్టులో వచ్చే బైబిలు పాఠాలు చదివి, జవాబులు రాసింది ఆమె. "నాకు తీరిక ఏడుంది? ఊర్లు తిరగాలె, ప్రార్థనలు జెయ్యాలె. నువ్వు ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గద" అన్నాడు. తెల్లారి లేచి చర్చి ఊడ్చి, బోరింగు దగ్గర నీళ్లు కొట్టుకొచ్చి, ముగ్గురు పిల్లలకు వండి పెట్టి, వాళ్ల బట్టలుతికి, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే మోకాళ్ల మీద కాగితాలు పెట్టుకుని రాయడాన్ని ఖాళీ అంటారని ఆమెకు అప్పుడే తెలిసింది. రాత ఆమెది, వచ్చే సర్టిఫికెట్టు అతనిది. అత్త రాహేలు వాటికి అద్దాలు కట్టించి గోడకు తగిలించింది. "నా కొడుకు దిమాగ్ చూడున్రి" అని వచ్చినవాళ్లందరికీ చూపించేది. ఒకసారి స్త్రీల సమాజం వాళ్లు హన్నాను పాఠం చెప్పమని అడిగితే, "ఆమె పాటలు పాడుతది, పాఠాలు ఏం చెప్తది" అని సాల్మనే నవ్వేశాడు. నిన్న కూడా ఆ ఇరవై పేజీలు ఒక్కసారి చదువుకొమ్మని బతిమాలింది. "నాకు దెల్వని బైబిలా?" అన్నాడు. చదవలేదు. పుస్తకంలో మొదట ఉంది కాబట్టి మత్తయిదే మొదటి రాత అనుకున్నాడు.

"సాల్మన్, నీ కాగితంల వేరే తీరుగ ఉన్నది." అయ్యగారి గొంతు నెమ్మదిగా ఉంది. "పౌలు పత్రికలు ముందు, సువార్తలు తర్వాత అని రాసినవ్. ఏది నిజం?"



"ఫెయిర్ కాపీ మా ఆమె చేసింది అయ్యగారూ. చదివింది ఏడో తరగతే. ఏడనో తప్పు రాసుంటది."

"ఆడోళ్ల రాత గదయ్యా" అంది ముందు గదిలోనే ఉన్న రాహేలు.

"ఆమెను పిలువున్రి" అన్నారు అయ్యగారు.

రాహేలు విసురుగా వంటింట్లోకి వచ్చి హన్నా చెయ్యి పట్టుకుంది. "తప్పయిందని ఒక్క మాట అను. నీ సొమ్మేం పోతది? లేకుంటె పోరగాండ్లతోని రోడ్డు మీద పడ్తం."

నిజమే, ఒక్క మాట. పెళ్లయినప్పటి నుంచి పదకొండేళ్లుగా తప్పులు ఒప్పుకుంటూనే ఉంది. కూరలో ఉప్పెక్కువైనా, పిల్లవాడికి జ్వరమొచ్చినా, అతను రైలు అందుకోలేకపోయినా తప్పు తనదేనంది. అప్పుడు ఒప్పుకున్నవేవీ ఆమెకు గుర్తు కూడా లేవు. ఇది మాత్రం తను వెతికి, పోల్చి, తేల్చుకున్న విషయం.

చేతులు కడుక్కుని ముందు గదిలోకి నడిచింది. సాల్మన్ తలెత్తలేదు.

"అమ్మా, ఇది పొరపాటున రాసినవా?"

"కాదయ్యగారూ."

"మరి?"

"యేసును చూసినోళ్లు బతికున్నన్ని రోజులు అందరు నోటితోనే చెప్పుకున్నరు. సంఘాలల్ల కొట్లాటలు వచ్చినయ్. దూరమున్న పౌలు ఉత్తరాల లెక్క పత్రికలు రాసి పంపిండు. చూసినోళ్లు ఒక్కొక్కలు పోతాంటే, మరిచిపోతమేమోనని సువార్తలు రాసిన్రు. పుస్తకం కూర్చినోళ్లు యేసు కథను ముందట పెట్టిన్రు. అది రాసిన కాలం వరుస గాదు. పౌలు పత్రికలైతే సంఘాలకు రాసినయి ముందు, మనుషులకు రాసినయి తర్వాత. అండ్ల గూడ చానమట్టుకు పెద్దయి ముందు, చిన్నయి వెనుక."

అయ్యగారు కళ్లజోడు తీశారు. "ఉత్త కాపీ చేసిన మనిషికి ఇదంత ఎట్ల తెలుసమ్మా?"

"హన్నా, లోపటికి పో" అన్నాడు సాల్మన్. "కూర మాడుతాంది."

కూర ఇంకా పొయ్యి ఎక్కనే లేదు. ఆమె కదలలేదు. గుమ్మం దగ్గర అత్త చీర కొంగు నోట్లో కుక్కుకుంది. హన్నా ఒక్కసారి మొగుడి వైపు చూసింది, అతని నుదుటి మీద చెమట చూసింది. తర్వాత అయ్యగారి వైపు తిరిగింది.

"రోమీయులకు రాసిన పత్రిక పౌలు చెప్తాంటే తెర్తియు అనేటాయన రాసిండు అయ్యగారూ. ఒకలు చెప్పింది రాసినాయనే చివర్ల తన పేరు పెట్టుకున్నడు. ఈ ఇరవై పేజీలు నాకు ఎవ్వరు చెప్పలే."