వాపస్ తీసుకున్న మాట

మా పెద్దపల్లి దిక్కు పిల్లను బడిలో చేర్చేటప్పుడు ఫీజు ఒక్కటే కట్టరు, ఒక మాట కూడా ఇచ్చి వస్తారు. "కండ్లు ఇడిసిపెట్టి యాడనన్న కొట్టు సారూ, పోరికి సదువు రావాలె" అని. అదొక మర్యాద. ఆ మాట అనకపోతే పిల్ల మీద ప్రేమ లేనట్టే లెక్క. మా మామగారు జగపతిరావు ఊళ్లో పేరున్న మనిషి కదా, జూన్‌లో మా దీక్షితను నాలుగో తరగతిలో చేర్చినప్పుడు పదిమందీ వినేటట్టు గట్టిగా అని, ప్రిన్సిపాల్ రాజలింగం సార్‌తో చేయి కలిపి మరీ వచ్చారు.

ఆగస్టులో ఒకరోజు బడి నుంచి వచ్చిన నా బిడ్డ ఎడమ చేత్తో అన్నం కలుపుతోంది. "ఏందే అది, కుడిచేత్తోని తిను" అని కసిరాను. కుడిచేయి చాపి చూపించింది. అరచేయి ఎర్రగా ఉబ్బింది, వేళ్లు ముడుచుకోవడం లేదు. పన్నెండో ఎక్కం అప్పజెబుతూ తడబడిందట, రాజలింగం సార్ బెత్తంతో కొట్టాడట. అబద్ధమెందుకు, ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే చట్టం గిట్టం మరిచిపోయి బెత్తం నేనే అందుకునేదాన్ని.

"ఇగ నేను బడికి పోనమ్మా" అంది దీక్షిత. ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చేదాన్ని, ఆ నెమ్మదికే నాకు భయం వేసింది. ఎక్కాలు పాటలా పాడుకుంటూ ఇల్లంతా తిరిగే పిల్ల అది.

తెల్లవారి బడికి వెళ్లాను. నేను టెట్‌కు చదివినదాన్ని. ఉద్యోగం రాలేదు గానీ చదివింది ఎక్కడికీ పోలేదు.

"విద్యాహక్కు చట్టం, పదిహేడో సెక్షన్. పిల్లలను కొట్టొద్దు. మీకు తెల్వదా సారూ?" అని అడిగాను.

రాజలింగం సార్ నవ్వాడు. "తెల్సు మేడమ్. కానీ మీ మామగారే కొట్టుమన్నరు, పదిమంది ఇన్నరు. మీరు ఎంఈవో దగ్గరికి పోతే నేను ఆయన్నే సాక్ష్యం పిలుస్త. దొర మాట తప్పుతరా?"

"కొట్టుమనే హక్కు మా మామకు లేదు, కన్నతల్లిని నాకూ లేదు. చట్టంల గసుంటి సందు లేదు."

"శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉన్నది. ఆయన్ను తీస్కరాండ్రి. అందరి ముంగట ఆయన వద్దంటే గా రోజే బెత్తం పక్కకు వెడత."

ఎంత ధీమా! నా ధీమా మాత్రం ఏం తక్కువ? "తీస్కొస్త" అని లేచి వచ్చేశాను.

ఇంట్లో చెబితే మామగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు. "దెబ్బలు తినకుంట ఎవనికి సదువొచ్చింది? నేను తినలేదా? జగపతిరావు మాటిచ్చి తప్పిండని బజార్ల అనుకుంటే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"మాట మీది మామయ్యా, చెయ్యి దానిది. జర దాని చెయ్యి చూసి మాట్లాడుండ్రి."

ఆయన చూడలేదు. విసురుగా లేచి అరుగు మీదికి పోయారు. భోజనమయ్యాక తాతకు ఆకువక్క చుట్టి ఇవ్వడం దీక్షిత పని. ఆ పూట కూడా పళ్లెం పట్టుకుని పోయింది. ఆకు మడవబోతే వేళ్లు వంగలేదు. వక్క జారి కింద పడింది, ఏరి మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. అప్పుడు ఆ చేయి పట్టుకుని చూశారాయన. ఆ పూట ఆకు వేసుకోలేదు.

శనివారం హాలు నిండిపోయింది. "దొరా, జూన్ల మీరన్న మాట జర అందరికి చెప్పుండ్రి" అన్నాడు రాజలింగం సార్.

మామగారు లేచారు. "కండ్లు ఇడిసి యాడనన్న కొట్టుమన్న. అన్నది నిజమే. గా మాట ఇయ్యాల వాపస్ తీస్కుంటున్న."

"దొర మాట తప్పిండు" అని వెనుక ఎవరో గొణిగారు. మామగారికి వినబడింది. మెల్లగా బల్ల దగ్గరికి నడిచి, దాని మీదున్న బెత్తాన్ని సార్ ముందుకు జరిపి, కుడిచేయి చాపారు.

"నిజమే, మాట తప్పిన. తప్పు చేస్తే మీ బడిల గిదే గద శిక్ష. కొట్టు సారూ."

రాజలింగం సార్ ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యో దొరా, గదేం మాట..."

"ఎందుకు లేస్తలేదు నీ చెయ్యి? నాది మొద్దుబారిన చెయ్యి, ఓర్సుకుంటది. గా పసిదాని మీదికి ఎట్ల లేసింది?"

అప్పుడు వెనుక వరసలోంచి బీడీలు చుట్టే ఐలవ్వ లేచింది. "సారూ, మా మనుమన్ని చేర్పిచ్చినప్పుడు నేను గూడ గా మాటనే అన్న. నాది గూడ వాపస్. దొర పిల్లలకేనా చట్టం?"

"అందరికీ ఐలవ్వా" అన్నాను. "ఇంకెవరెవరు వాపస్ తీస్కుంటరో చేతులు లేపుండ్రి."

ఒక చేయి, రెండు చేతులు, ఆ తర్వాత హాలంతా. ఇందాక గొణిగిన మనిషి కూడా తలవంచుకునే చేయెత్తాడు. రాజలింగం సార్ బెత్తం తీసి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"ఇటియ్యుండ్రి" అని అందుకున్నాను. "మా పెరట్ల బీరతీగకు ఆసరా లేక పరేషాన్ అయితున్నది."

సోమవారం దీక్షితను మామగారే బడికి తీసుకుపోయారు. అది తాత వేలు గట్టిగా పట్టుకుంది. నేను వెనకాలే నడిచాను. గేటు దగ్గర రాజలింగం సార్ నమస్కారం పెట్టాడు. మామగారికి పాత అలవాటు కదా, నోరు దానంతటదే తెరుచుకుంది.

"సారూ, కండ్లు..." అని ఆగిపోయారు.

దీక్షిత తలెత్తి తాత వైపు చూసింది. ఆయన గొంతు సవరించుకున్నారు.

"కండ్లల్ల వెట్టుకొని సూస్కో సారూ" అన్నారు.

దీక్షిత తాత వేలు వదిలి లోపలికి నడిచింది.