జేబులో ఆకురాయి

నా జేబుల గురించి నవ్వనివాళ్ళు మా బంధువుల్లో లేరు. నేను లెక్కలు చెప్పే మాస్టారిని. సుద్దముక్క తప్ప మరే సామానూ అక్కర్లేని ఉద్యోగం. అయినా ప్యాంటు కుడి జేబులో మడతచాకు, అరచేతిలో ఇమిడే పటకారు ఉంటాయి. ఎడమ జేబులో స్క్రూడ్రైవరు, దానికి తోడుగా ఇనుమునైనా అరగదీసే చిటికెనవేలంత ఆకురాయి. చొక్కా జేబులో పెన్ను పక్కన పెన్నంత టార్చి. పిల్లలు నాకు ఇనపకొట్టు అని పేరు పెట్టారు. నా ముందు అనరు, వెనక అంటారు, అదీ నాకు వినబడేంత గట్టిగా.

నా భార్య మాత్రం ముఖం మీదే అంటుంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? వాళ్ళింటి తలుపు కిర్రుమంటే వాళ్ళకి లేని బాధ మీకేంటి?" అంటుంది. అంటూనే, ఇనుము బరువుకి చిరిగిన జేబుకి లోపల మందపాటి గుడ్డ వేసి రెండు వరసల కుట్టు వేస్తుంది. కరెంటు పోయినప్పుడు చీకట్లోంచి, "ఏమండీ, ఇనపకొట్టు తెరిచే ఉందా?" అని పిలుస్తుంది. నేను టార్చి వెలిగించేదాకా ఉన్నచోటు నుంచి కదలదు.

ఇప్పుడు తను ఆసుపత్రిలో, ఐసీయూ అద్దాల తలుపు లోపల, మూలమంచం మీద, స్పృహ లేకుండా ఉంది. నిన్న వంటగదిలో నాతో మాట్లాడుతూ మాట్లాడుతూనే కుప్పకూలింది. తలలో నరం చిట్లిందన్నారు. పొద్దున డాక్టరు వచ్చి, "ఈ రోజు గడవాలండీ. గడిస్తే చూద్దాం," అన్నాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి లోపలికి వెళ్ళి చూసి రానిస్తారు. మధ్యలో ఎవరినీ పోనివ్వరు. ఈ రోజు గడవాలని వాళ్ళే అంటారు, ఆ రోజంతా నన్ను బయట కూర్చోమని కూడా వాళ్ళే అంటారు. నేనిక్కడ కుర్చీలో ఉండగా తను అక్కడ ఒంటరిగా పోతే? నా భయమల్లా అదొక్కటే.

భయం అంటున్నాను గానీ, అది కూడా సరిగ్గా వేయడం లేదు. పన్ను పీకే ముందు మత్తు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో ఒళ్ళంతా అలా ఉంది. ఏడుపు రాలేదు. మా బావమరిది ఫోన్ చేసి, "నేను రైల్లో ఉన్నా, రాత్రికి వచ్చేస్తా. ధైర్యంగా ఉండు బావా," అన్నాడు. ఇది ధైర్యం కాదురా, అసలేమీ లేదు అని చెప్పబోయి, సరేలే అన్నాను.

మనసు మొద్దుబారినా చేతులు ఊరుకోవు కదా. నేను కూర్చున్న ఇనప కుర్చీల వరస ఎవరు కదిలినా ఊగుతోంది. వంగి టార్చి వేసి చూస్తే కాలి దగ్గర బోల్టు వదులు. పటకారుతో బిగించాను. పక్క కుర్చీలో పెద్దావిడ ఒకామె ఉంది. కొడుకుకి లారీ గుద్దిందట, అతనూ లోపలే ఉన్నాడు. కాసేపు నన్ను చూసి, "నాయనా, ఆ గోడ ఫ్యాను పొద్దుటి నుంచి టకటకలాడుతోంది. అదీ చూడరాదూ, తల బద్దలైపోతోంది," అంది.

"నేనిక్కడ పనిచేయనమ్మా."

"మరి చేస్తున్నావుగా?"

లేచి ఫ్యాను ముందు జాలీ స్క్రూలు బిగించాను. టకటక ఆగింది. "చల్లగా ఉండు నాయనా. నీకు జీతం పెంచాలి," అంది. ఆ తర్వాత వార్డుబాయ్ ఒకడు తిరగని చక్రమున్న స్ట్రెచర్ని ఈడ్చుకొచ్చి, "కంప్లయింటు ఇచ్చి వారమైంది, ఇప్పుడా మీరు వచ్చేది?" అని నా మీదే విసుక్కున్నాడు. నేను వేసుకున్నది బూడిదరంగు చొక్కా, అక్కడి రిపేరు పనివాళ్ళ చొక్కా కూడా అదే రంగని అప్పుడు తెలిసింది. వాడితో వాదించే ఓపిక లేక కింద కూర్చుని చూస్తే, ఇరుసుకి దారాలూ వెంట్రుకలూ చుట్టుకుని ఉన్నాయి. చాకుతో కోసి లాగేశాను. చక్రం తిరిగింది. వాడు థ్యాంక్స్ కూడా చెప్పకుండా తోసుకుపోయాడు. నాకు కోపం రాలేదు. మామూలప్పుడైతే వాడికి నాలుగు అంటించేవాణ్ణి.

అద్దాల తలుపు తీసుకుని నర్సు బయటికి వచ్చింది. పొద్దున ఉన్నామె కాదు, మధ్యాహ్నం డ్యూటీకి వచ్చిన కొత్తమ్మాయి.

"మెయింటెనెన్సు బాబాయ్ మీరేనా? ఫోన్ చేసి చేసి విసుగొచ్చింది మాకు. రండి, చెప్పులు ఇక్కడ విప్పేయండి."

"అది కాదమ్మా, నేను..."

"పేషెంటుకి సెలైను పెట్టిన చెయ్యి వాచిపోయింది. ఉంగరం ఇరుక్కుంది. సబ్బు రాసి చూశాం, దారం చుట్టి చూశాం, రావట్లేదు. మా కట్టరు పళ్ళు అరిగిపోయి గీత కూడా పడట్లేదు. వేలు నల్లబడుతోంది, ఇంకాసేపైతే వేలే పోతుంది. కోసే సామానుందా మీ దగ్గర?"

"ఏ మంచం?"

"మూలది."

నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. భర్తనని చెబితే సాయంత్రం రమ్మంటుంది.

"ఉంది," అన్నాను.

తను పడుకుని ఉంది. ముక్కులో గొట్టం, నోట్లో గొట్టం. జుట్టు ఎవరో ఒక పక్కకి లాగి రబ్బరు బ్యాండు వేశారు. అలా దువ్వితే తనకి నచ్చదు. ఎడమ చెయ్యి మణికట్టు దాకా ఉబ్బింది. ఆ ఉబ్బులో ఉంగరం సగం మునిగిపోయింది. మా పెళ్ళి ఉంగరం. తను కాస్త ఒళ్ళు చేశాక అది మళ్ళీ వేలు దాటి రాలేదు. బిగుతుగా ఉందంటే కోసిపెట్టనా అని ఒకసారి అడిగాను. "మీ చేతికి ఆకురాయి ఇస్తే కాపురం కూడా కోసేస్తారు. ఇది నాతోనే పోతుంది లెండి," అని నవ్వింది.

నర్సు నా సామాను స్పిరిట్‌తో తుడిచి ఇచ్చింది. టార్చి ఆ అమ్మాయి చేతికిచ్చి పట్టుకోమన్నాను. అరచేతి వైపు నుంచి ఉంగరం కింద నర్సు వెతికిచ్చిన పలచటి రేకు ముక్క దూర్చాను, ఆకురాయి జారినా చర్మానికి తగలకుండా. తర్వాత రాయడం మొదలుపెట్టాను. బంగారం పొడి రేకు మీద పడుతోంది. ఎంత నిదానంగా రాస్తే అంతసేపు తన పక్కన ఉండొచ్చు. ఎంత బాగా పనిచేస్తే అంత త్వరగా బయటికి పోవాలి. కానీ ఆ వేలు చూస్తూ నిదానంగా ఎలా రాస్తాను? గబగబా రాశాను. బంగారం మెత్తటిది, ఇట్టే తెగింది. అంత మెత్తగా ఉన్నందుకు దాని మీద కోపం వచ్చింది. నిన్నటి నుంచి నాకు తెలిసిన మొదటి కోపం అదే.

పటకారుతో రెండు కొసలూ పట్టి విడదీసి ఉంగరం లాగేశాను. వేలి మీద లోతుగా గాడి. నర్సు టార్చి గోరు మీద వేసింది. నీలంగా ఉన్న గోరు కింద ముందు తెలుపు, తర్వాత మెల్లగా ఎరుపు వచ్చింది.

"హమ్మయ్య! పని తెలిసిన చెయ్యి బాబాయ్ మీది. ఇంక వెళ్ళొచ్చు."

నేను కదల్లేదు.

"ఇంకా చెయ్యి పట్టుకునే ఉన్నారేంటి?"

"ఎక్కడైనా గీసుకుందేమోనని చూస్తున్నానమ్మా," అన్నాను. ఎక్కడా గీసుకోలేదు. ఆ చెయ్యి వెచ్చగా ఉంది. నేను నొక్కాను, అది తిరిగి నొక్కలేదు.

నర్సు తలుపు దగ్గరికి వెళ్ళి వాచ్‌మన్‌తో, "మూలమంచం వాళ్ళని పిలువు. ఉంగరం ఇచ్చి సంతకం తీసుకోవాలి," అంది. బయట వాచ్‌మన్ అరుస్తున్నాడు. ఎవరూ పలకలేదు. మళ్ళీ అరిచాడు. తలుపులోంచి తల పెట్టి, "ఎవరూ లేరు మేడమ్," అన్నాడు.

నర్సుకి ఒళ్ళు మండింది. "ఏం మనుషులో! పెళ్ళాన్ని ఈ స్థితిలో వదిలేసి ఎక్కడికి పోయాడో ఆ మొగుడు!"

"ఎక్కడికీ పోలేదమ్మా," అన్నాను. "ఇక్కడే ఉన్నాడు."

ఆ అమ్మాయి నన్ను చూసింది. నా చేతిలో తెగిన ఉంగరాన్ని చూసింది.

"ముందే చెప్పొచ్చు కదా సార్," అంది, గొంతు తగ్గించి.

"చెబితే రానిచ్చేదానివా తల్లీ?"

కాగితం ముందుకు జరిపింది. సంతకం చేశాను. ఉంగరాన్ని రెండు వరసల కుట్టున్న జేబులో వేశాను. ఆ కుట్టులోంచి ఇంతవరకూ ఏదీ జారిపోలేదు. పటకారు జేబులో పెట్టాను, ఆకురాయి తుడిచాను, ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు. తలుపు వైపు తిరిగాను.

"బాబాయ్," అంది నర్సు. నా వైపు చూడకుండా సెలైను సీసా సరిచేస్తోంది. "ఈ మంచం పక్క కమ్మీ వదులుగా ఉన్నట్టుంది. అది కూడా చూసి వెళ్ళండి. తొందరేం లేదు."

టార్చి నా చేతికిచ్చి అవతలి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. తన చెవి నా నోటికి అందేంత దగ్గర్లో ఉంది. "కొట్టు తెరిచే ఉంది," అన్నాను. ఉలుకూ పలుకూ లేదు.

టార్చి వేసి చూశాను. కమ్మీ బోల్టు బిగువుగానే ఉంది. పటకారు తీసి, దాన్ని వదులు చేసి, మళ్ళీ బిగించడం మొదలుపెట్టాను.