కాపలా లేని ఆరు నిమిషాలు

ఆగస్టు 14, బుధవారం మధ్యాహ్నం 2:54కి ట్రైనీ రోవీనా వార్నీ నౌకాదళ ఆఫీసర్ల శిక్షణ పాఠశాల రెండో అంతస్తులో తన కాపలా చోటు వదిలింది. 3:00కి తిరిగి వచ్చింది. ఆ ఆరు నిమిషాలు డ్రిల్ తుపాకుల గది ముందు ఎవరూ లేరు. గదికి తాళం వేసి ఉంది. లోపల నలభై ఎనిమిది తుపాకులున్నాయి. అవి కవాతు కోసం గొట్టాలు మూసేసినవి, పేలవు. సాయంత్రం లెక్కపెడితే నలభై ఎనిమిదీ ఉన్నాయి.

ఆ పాఠశాలలో చేరిన రోజే ప్రతి ఒక్కరికీ జేబులో పట్టే పుస్తకం ఇస్తారు. అందులో హోదాలు, ఓడల రకాలు, ఎవరి పైన ఎవరు అధికారి అనే వరుస, కాపలాదారు పదకొండు ఆజ్ఞలు ఉంటాయి. భోజనానికి వరుసలో నిలబడినప్పుడు దాన్ని చాచిన చేత్తో కళ్లకెదురుగా పట్టుకుని చదవాలి. ఎవరైనా అడిగితే గొంతెత్తి అరిచి అప్పజెప్పాలి. ఒక్క మాట మారకూడదు. తన గురించి చెప్పుకునేటప్పుడు 'నేను' అనకూడదు, 'ఈ ట్రైనీ' అనాలి. డాక్టరు దగ్గరికి వెళ్లాలన్నా ముందు పుస్తకంలోంచి ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. జవాబు తప్పితే అనుమతి లేదు.

మూడో ఆజ్ఞ ప్రకారం కాపలాదారు తన కంటబడిన ప్రతి ఉల్లంఘననూ పైవారికి తెలపాలి. ఐదో దాని ప్రకారం బదులు మనిషి వచ్చి తప్పించేదాకా చోటు వదలకూడదు. ఎనిమిదో దాని ప్రకారం నిప్పు గానీ గందరగోళం గానీ కనబడితే హెచ్చరిక చేయాలి.

వార్నీకి ముప్ఫై నాలుగేళ్లు. పదకొండేళ్లు ఓడల ఇంజిన్ గదుల్లో పనిచేసింది. ఆఫీసర్ శిక్షణకు మూడుసార్లు దరఖాస్తు పెట్టుకుంటే మూడోసారి తీసుకున్నారు. ముప్ఫై ఐదు నిండినవాళ్లను తీసుకోరు. ఆమె పుట్టినరోజు సెప్టెంబర్ 9. ఈ బ్యాచ్ తప్పితే ఇంకో బ్యాచ్ లేదు.

ఆ బుధవారం 2:40కి ఆమె బ్యాచ్ మైదానం నుంచి వచ్చి కింద వరండాలో ఆగింది. శిక్షకుడు గన్నరీ సార్జెంట్ ప్రూయిట్. కాలమ్ ఆస్ట్రాండర్ అనే ఇరవై మూడేళ్ల ట్రైనీ వరుసలోంచి ఒక అడుగు ముందుకు వేశాడు. తర్వాత జరిగినదాన్ని వరుసలో ఉన్నవాళ్లలో తొమ్మిదిమంది ఒకేలా చెప్పారు.

"సార్జెంట్, ఈ ట్రైనీ వైద్యశాలకు వెళ్లడానికి అనుమతి కోరుతున్నాడు!"

"ఏంరా, ఎండకి వెన్నలా కరిగిపోయావా? ఐదో ఆజ్ఞ చెప్పు."

ఆస్ట్రాండర్ మూడోది చెప్పాడు.

"నేనడిగింది ఎన్నోది?"

"ఐదోది, సార్జెంట్!"

"మరి చెప్పవేం?"

ఆస్ట్రాండర్ మళ్లీ మూడోదే చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు.

"ఐదు వారాలు ఏం చదివావురా? మీ ఊళ్లో మూడునే ఐదంటారా? పైకి పో. పుస్తకం పట్టుకొచ్చి నా ముందు నిలబడి చదువు. వైద్యశాల సంగతి అప్పుడు చూద్దాం."

రెండు రోజుల ముందు, సోమవారం జరిగిన పరీక్షలో ఆస్ట్రాండర్‌కు పదకొండు ఆజ్ఞలకూ పూర్తి మార్కులు వచ్చాయి. ఆ కాగితం ప్రూయిట్ ఫైల్లోనే ఉంది. అంత ఎండలోంచి వచ్చినా ఆస్ట్రాండర్‌కు చెమట పట్టడం లేదని పక్కన నిలబడిన ట్రైనీ గమనించాడు. వరుసలో మాట్లాడకూడదు కాబట్టి చెప్పలేదు.

2:51కి ఆస్ట్రాండర్ రెండో అంతస్తు మెట్ల దగ్గర పడిపోయాడు. వార్నీ నిలబడిన చోటికి అది ఇరవై అడుగులు. ఆమె ఎనిమిదో ఆజ్ఞ ప్రకారం అరిచింది. లాగ్‌బుక్‌లో ఆమె రాసినవి ఇవి: "2:51 మనిషి పడిపోయాడు. 2:52 మొదటి కేక. 2:53 రెండో కేక. 2:53 మూడో కేక. ఎవరూ రాలేదు. 2:54 కాపలా వదిలాను. ఐదో ఆజ్ఞ ఉల్లంఘన. వార్నీ."

అదే సమయంలో మూడో అంతస్తులో ఇంకో బ్యాచ్ ముప్ఫై ఎనిమిది మంది పదకొండు ఆజ్ఞలూ అరిచి అప్పజెబుతున్నారు.

ఆమె ఆస్ట్రాండర్‌ను చంకల కింద పట్టుకుని స్నానాల గదికి ఈడ్చుకెళ్లింది. చన్నీళ్ల షవర్ కింద పడుకోబెట్టింది. 2:57కి ప్రూయిట్ పైకి వచ్చాడు. పుస్తకం తేవడానికి ఇంతసేపేంటని వచ్చాడు.

"ఇక్కడ కాపలా ఎవరు? ఎక్కడ చచ్చారు?"

"ఇక్కడ, సార్జెంట్! స్నానాల గదిలో!"

"నీ చోటికి పో వార్నీ. ఇప్పుడే!"

"వీడి ఒళ్లు కాలిపోతోంది. అంబులెన్స్‌కి ఫోన్ చెయ్యండి."

"నేను చెప్పింది వినబడిందా?"

"మీకు వినబడిందా? మూడుసార్లు అరిచాను. మూడుసార్లు! ముందు ఫోన్ చెయ్యండి, తర్వాత ఎంత తిట్టాలో తిట్టండి."

ప్రూయిట్ 2:58కి ఫోన్ చేశాడు. వైద్యశాల మనిషి 3:00కి వచ్చాడు. వార్నీ తడిబట్టలతో తన చోటికి వెళ్లి నిలబడింది. ఆసుపత్రిలో ఆస్ట్రాండర్ జ్వరం నూట ఆరు పాయింట్ ఆరు. ఇంకో పావుగంట ఆలస్యమైతే బతికేవాడు కాడని డాక్టరు రాసిచ్చారు. వడదెబ్బ తిన్నవాళ్లకు ముందు మాటలు తడబడతాయని కూడా రాశారు.

విచారణ ఆగస్టు 16, శుక్రవారం ఉదయం పదింటికి మొదలైంది. ముగ్గురు అధికారులు కూర్చున్నారు. అధ్యక్షురాలు కమాండర్ హాల్వర్సన్. పరిశీలించాల్సిన విషయం ఒకటే: ట్రైనీ వార్నీ కాపలా వదిలిందా లేదా. ఆస్ట్రాండర్‌ను వైద్యశాలకు ఎందుకు పంపలేదన్నది విచారణ ఆదేశంలో లేదు.

ముందు ప్రూయిట్ వాంగ్మూలం చదివారు. అందులో ఒక వాక్యం ఇలా ఉంది: "పైనుంచి ఒక ఆడగొంతు విన్నాను, అప్పజెబుతున్నారనుకున్నాను, గొంతు బాగుందనుకున్నాను."

తర్వాత హాల్వర్సన్ వార్నీని ఆజ్ఞలు చెప్పమన్నారు. వార్నీ పదకొండూ చెప్పింది. తప్పు రాలేదు.

"ఐదోది మళ్లీ చెప్పమ్మా."

చెప్పింది.

"అందులో 'అవసరమైతే తప్ప' అని ఉందా?"

"లేదు, మేడమ్. ఎనిమిదోది కూడా ఉంది, మేడమ్."

"నేనడిగింది ఐదోది."

"సార్జెంట్ కూడా ఆస్ట్రాండర్‌ను ఐదోదే అడిగారు, మేడమ్."

గదిలో ఉన్న గుమస్తా రాయడం ఆపాడు. హాల్వర్సన్ రాయమన్నారు.

"ఈ ట్రైనీ ఇంకేమైనా చెప్పదలచుకుందా?"

"ఈ ట్రైనీ కాదు. నేను చెప్తాను." వార్నీ కూర్చోలేదు. "రోజంతా మా చేత అరిపిస్తారు. తినే ముందు అరుపు, నిద్రకి ముందు అరుపు. నిజంగా అరిస్తే ఎవరికీ తెలీదు. ఒక కుర్రాడు చచ్చిపోతూ మూడో ఆజ్ఞ చెప్తుంటే మీవాళ్లు మార్కులు వేశారు. నేను ఐదోది తప్పాను. రాసి సంతకం పెట్టాను. మిగతాది ఎవరు రాస్తారు?"

"ఇక్కడ 'నేను' అనకూడదని నీకు తెలుసు కదా."

"తెలుసు, మేడమ్. పేజీ నాలుగు."

కాపలా వదిలినట్టు రుజువుగా అధికారుల ముందున్నది లాగ్‌బుక్ పేజీ ఒక్కటే. ప్రూయిట్ తన వాంగ్మూలంలో ఖాళీ చోటు ప్రస్తావన తేలేదు. మధ్యాహ్నం పన్నెండున్నరకు నిర్ణయం చదివారు. ఇద్దరు ఆమెను శిక్షణ నుంచి తీసేయాలన్నారు, ఒకరు వద్దన్నారు. ఎవరు ఏమన్నారో కాగితంలో రాయలేదు.

రెండింటికి వార్నీ సామాను సర్దుతుంటే ప్రూయిట్ గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. పక్క మంచం ట్రైనీ అక్కడే ఉంది.

"నేను నీ మీద ఫిర్యాదు చెయ్యలేదు వార్నీ. నువ్వు రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకు రాశావే?"

"మూడో ఆజ్ఞ, సార్జెంట్."

"నీకు పిచ్చి."

"ఆ పుస్తకం నాకు ఇచ్చింది మీరే. ఇదిగో, తీసుకోండి. నాకు నోటికి వచ్చు."

ప్రూయిట్ పుస్తకం తీసుకున్నాడు. ఆమె మూడింటికి గేటు దాటింది.

ఆగస్టు 26న తుపాకుల గది పక్క గోడకు ఒక ఈల వేలాడదీశారు. దాని కింద కాగితం మీద, అధికారి అనుమతి లేకుండా ఊదకూడదని ఉంది. ఆస్ట్రాండర్ ఆసుపత్రి నుంచి వచ్చి తర్వాతి బ్యాచ్‌లో చేరాడు. సెప్టెంబర్ 3న జరిగిన పరీక్షలో అతనికి పదకొండు ఆజ్ఞలకూ పూర్తి మార్కులు వచ్చాయి.

సెప్టెంబర్ 9 ఉదయం ఎనిమిదింటికి వార్నీ తన పాత ఓడ ఇంజిన్ గదిలో డ్యూటీ ఎక్కింది. లాగ్‌బుక్‌లో ఆమె సంతకం ఉంది. పన్నెండింటికి బదులు మనిషి వచ్చినట్టు దాని కింద ఇంకో సంతకం ఉంది.