నలభయ్యో జవాబు

నాకు నోటి దురుసు ఎక్కువని మా అమ్మ చిన్నప్పటి నుంచీ అంటూనే ఉంది. ఆ నోటికి కాలేజీలో మరో రెండు భాషలు తోడయ్యాయి, జపనీస్, ఇండోనేషియన్. మూడో ఏడు మొదలవగానే, గ్రంథాలయం మేడమీది గదిలో కొత్తవాళ్లకు ఉచితంగా పాఠాలు చెబుతానని కాగితం రాసి తలుపుకు అంటించాను. "ఎవరొస్తారే నీ దగ్గరికి?" అంది అమ్మ. పన్నెండు మంది వచ్చారు.

శనివారం ఇండోనేషియన్. వాళ్లతో పేచీ లేదు. అక్కడి బట్టల ఫ్యాక్టరీలో కుట్టు నేర్పడానికి వెళ్లబోతున్న టైలరు మాస్టరు, ఆయన వెంట ముగ్గురు. మెల్లగా అనడానికి అక్కడ 'పెలాన్ పెలాన్' అంటారని చెబితే మాస్టరు తొడ చరిచాడు. "మెల్లమెల్లగా! మన భాషే కదమ్మా, కత్తిరింపులో కాస్త తేడా అంతే!"

గొడవంతా మంగళ, గురువారాల జపనీస్ వాళ్లతోనే. ఎనిమిది మందీ అక్కడి వృద్ధాశ్రమాల్లో ఆయాలుగా చేరాలనుకునేవాళ్లు. వాళ్లలో మా అక్క ఒకతి. అక్క నాలుగేళ్లుగా ఆసుపత్రిలో ఆయా. లేవలేని మనిషిని పక్క తడవకుండా, నొప్పి పుట్టకుండా తిప్పడంలో ఆమె తర్వాతే ఎవరైనా.

వీళ్లను పంపే ఏజెంటు రెండో వారంలోనే మేడెక్కి వచ్చాడు, చంకలో జెరాక్సు పుస్తకాలతో. నలభై ప్రశ్నలు, నలభై జవాబులు, జపనీస్ పలుకులన్నీ మన లిపిలో. "ఇవి వరసగా కంఠతా పట్టించు తల్లీ, చాలు. మిగతా పాండిత్యం మనకెందుకు?" అన్నాడు.

తిరగేశాను. సెలవు దొరకదు. ఫర్వాలేదండి. రాత్రి డ్యూటీ చేస్తారా? ఔను, సంతోషంగా చేస్తాను. నడుం నొప్పి ఉందా? ఎప్పుడూ లేదు. పాస్‌పోర్టు మా దగ్గరే ఉంటుంది. చాలా కృతజ్ఞతలు. ఆఖరుది, నలభయ్యోది: మీరేమైనా అడుగుతారా? అడగడానికేమీ లేదు.

నా ఒళ్లు మండిపోయింది. "ఇది భాష కాదండీ, గంగిరెద్దులా తలూపడం."

"తలూపినవాళ్లకే ఉద్యోగం. ఎదురు ప్రశ్న వేసినవాళ్ల పేరు జాబితాలోంచి కొట్టేస్తా. ఆ తర్వాత నీ ఇష్టం" అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇష్టం నాదే అన్నాడు కదా! పుస్తకాలు బీరువా మీద పడేసి బోర్డు మీద రెండు మాటలు రాశాను. దెకిమసు, చేయగలను. దెకిమసెన్, చేయలేను. ఆ కింద, పని ఎన్ని గంటలు? సెలవెప్పుడు? నా పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది? ఎనిమిది మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లలో ఒకావిడ లేచి, బీరువా మీంచి తన పుస్తకం తీసి దుమ్ము దులుపుకుంది.

ఇంటికెళ్లాక అక్క నన్ను దులిపింది. "నీకిది పంతం, నాకు బతుకు. పేరు కొట్టేస్తే నీకేం పోతుంది? నువ్వు పట్టా పుచ్చుకుని నీ దారిన నువ్వు పోతావు."

"తెలియని మాటకు ఔనని..."

"నోరు ముయ్యి. నాకు తెలియదా?"

అయినా అక్క రెండూ నేర్చుకుంది. పొద్దున ఏజెంటు పుస్తకం, సాయంత్రం నా బోర్డు. చీటీలు రాసుకుని ఆయా కోటు జేబులో వేసుకునేది, దుప్పట్లు మారుస్తూ పైకి చదివేది. చివరికి వార్డులో ఒక ముసలమ్మ మందు తాగించబోయిన నర్సుకు "దెకిమసెన్" అని చెప్పి మూతి బిగించుకుందట. ఆ సంగతి చెబుతూ అక్క కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది.

ఇంటర్వ్యూ రోజు ఏజెంటుకు జపనీస్‌ను తెలుగులోకి మార్చి చెప్పే మనిషి జ్వరంతో పడ్డాడు. గత్యంతరం లేక ఏజెంటు నా దగ్గరికి వచ్చాడు. "మీ అక్క కూడా ఉందిగా. కాస్త మంచిగా మార్చి చెప్పు తల్లీ."

"ఉన్నదున్నట్టు చెబుతాను. కావాలంటే వస్తా."

నా వంక గుర్రుగా చూసి సరేనన్నాడు.

ఆయన ఆఫీసులో గోడకు పెద్ద టీవీ, దాని ముందు ఒకటే కుర్చీ. తెర మీద ఆశ్రమం నడిపే పెద్దావిడ, కత్తిరించిన తెల్లజుట్టు, మెడలో గొలుసుకు కళ్లజోడు. ముందుగా కూర్చుంది, ఆ రోజు పుస్తకం దుమ్ము దులుపుకున్నావిడే. పేరు ఎదుట కాగితంలో ఉంది కాబట్టి పెద్దావిడ అడగలేదు, ఇంట్లో ఎంతమందని అడిగింది. మనావిడ వరస తప్పకుండా తన పేరు చెప్పింది. ఆరోగ్యం ఎలా ఉందంటే నలుగురమంది. అక్కణ్ణుంచి ప్రతి జవాబూ ఒక ప్రశ్న వెనకే. నడుం నొప్పి ఉందా అంటే "ఔను, సంతోషంగా చేస్తాను" అని నవ్వింది. పెద్దావిడ కళ్లజోడు పెట్టుకుని మరీ చూసింది. ఏజెంటు మాత్రం ప్రతి జవాబుకీ మురిసిపోయి తలూపుతున్నాడు. ఈ మహానుభావుడికి జపనీస్ ఒక్క ముక్క రాదని అప్పుడు తెలిసింది నాకు.

అందరికన్నా చివర అక్క వంతు వచ్చింది. అడిగినదానికి అడిగినట్టు జవాబు చెప్పింది. ఆఖరున పెద్దావిడ అడిగింది, మీరేమైనా అడుగుతారా అని.

అక్క నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అవును, దించుకున్నాను! బోర్డు దగ్గర అంత వీరంగం వేసిన నాకు, ఆ కుర్చీలో సొంత అక్క కూర్చునేసరికి ధైర్యం చాల్లేదు. ఏమీ లేదని చెప్పెయ్యి తల్లీ అని లోపల మొక్కుకున్నాను.

"అడుగుతాను" అంది అక్క, జపనీస్‌లోనే. "నా పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుంది?"

"మీ దగ్గరే" అంది పెద్దావిడ. ఎందుకలా అడిగిందో ఆమెకు అర్థం కాలేదు.

"రాత్రి డ్యూటీ వరసగా ఎన్ని?"

"ఆరు. చేయగలరా?"

"నాలుగు దెకిమసు. ఆరు దెకిమసెన్."

ఎందుకని అడిగింది పెద్దావిడ. అక్క దగ్గర మాటలు తక్కువ. "ఇక్కడ, ఆసుపత్రిలో. అయిదో రాత్రి. నా చేయి..." అని తన రెండు చేతులూ చాపి, వదిలేసి చూపించింది. "పెద్దాయన పడ్డాడు."

ఇంట్లో మాకెవరికీ ఈ సంగతి తెలియదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక వారం అన్నం సరిగ్గా తినలేదు, ఒంట్లో బాగాలేదంది. మేం నమ్మాం.

"ఏంటి? ఏమంటోంది?" ఏజెంటు నా భుజం మీదికి వంగాడు. చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "ఆరూ చేస్తానందని చెప్పు. ఆవిడకు భాష సరిగ్గా రాదు, పొరపాటున అలా అందని చెప్పు. త్వరగా! మీ అక్క బతుకు నీ నోట్లో ఉంది."

నిజమే, ఉంది. ఒక్క అబద్ధం చాలు. అక్క అడిగితే ఆ అబద్ధం ఆడేసేదాన్నే, సిగ్గు విడిచి చెబుతున్నాను. అక్క అడగలేదు.

"నేనన్నదే చెప్పు" అంది, తెర మీంచి చూపు తిప్పకుండా. "పూర్తిగా చెప్పు. వరసగా నాలుగు రాత్రులు పని చేశాక నన్ను ఇంటికి పంపించేసి ఉండాల్సింది. మనుషులు లేరని ఉంచేశారు. నేనూ ఔనన్నాను. అయిదో రాత్రి ఇక ఎవరినీ ఎత్తను."

చెప్పాను, పొల్లుపోకుండా. పెద్దావిడ కళ్లజోడు తీసేసింది. తర్వాత ఆ పెద్దాయన ఏమయ్యాడని అడిగింది. దానికి నా సాయం అక్కర్లేకపోయింది. "బతికాడు. మళ్లీ నడవలేదు" అంది అక్క.

పెద్దావిడ ఏదో రాసుకుంది. తల వంచి నమస్కరించింది. తెర ఆరిపోయింది.

పది రోజులకు, ఆశ్రమం నుంచి వచ్చిన జాబితా ఆఫీసు తలుపు మీద అంటించారు. అయిదు పేర్లు. నడుం నొప్పితో సంతోషంగా పని చేసే ఆవిడ పేరు రెండోది. అక్క పేరు లేదు. కిందనుంచి పైకి మళ్లీ చదివాను. లేదు.

ఏజెంటు గుమ్మంలో నిలబడి, నలుగురూ వినేలా అన్నాడు. "అంతా మీ చెల్లెలు నేర్పిన చదువమ్మా."

"దానికంత సీను లేదు సార్" అంది అక్క. "అది నేర్పింది భాష. మాట నాది."

వీధి మలుపు దాకా వచ్చి, నేనిక ఆపుకోలేకపోయాను. నా వల్లే అక్కా, నా వల్లే అని రోడ్డు మీదే ఏడ్చాను. అక్క నన్ను మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చోబెట్టి, నా ముక్కు తన కొంగుతో తుడిచింది. వార్డులో ఎవరికైనా అలాగే తుడుస్తుంది, గట్టిగా.

"ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. నేనన్నది ఆవిడకు పూర్తిగా అర్థమైందా?"

"అర్థమైంది."

"అన్నీ? అయిదో రాత్రి ఎందుకు చేయనో కూడా?"

"అన్నీ అర్థమయ్యాయక్కా."

"మరింకేం" అంది అక్క. "అర్థమయ్యే వద్దంది. నాకు బాధ లేదనుకోకు, బోలెడుంది. కానీ ఔనన్నందుకు నాలుగేళ్లుగా పడుతున్న బాధ ముందు ఇదెంత?"

లేచి, చీర దులుపుకుని, డ్యూటీకి టైమైందని ఆసుపత్రి వైపు నడిచింది.