లెఫ్ట్ బ్యాక్‌లో నిలబడే నీడ

ఆదివారం ప్రార్థన ముగిసి చర్చి మెట్లు దిగుతూనే పాల్ రాజ్ తెల్ల చొక్కా చేతులు మోచేతుల దాకా మడతపెట్టేవాడు. మడత పడిందంటే ఆ రోజు మ్యాచ్ ఉన్నట్టే.

బోధన్ బస్టాండు దగ్గర అతనికి వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. చెరుకు కోతల కాలంలో ట్రాక్టర్ ట్రాలీలకు అతుకులు వేస్తాడు. చక్కెర ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో ఫ్యాక్టరీ టీములో లెఫ్ట్ బ్యాక్ ఆడిన మనిషి. ఇప్పుడు బోధన్ ఆడపిల్లల ఫుట్‌బాల్ టీముకు కోచ్. పొద్దున గ్రౌండు, పగలు షాపు, సాయంత్రం మళ్ళీ గ్రౌండు.

రెఫరీ మొదటి విజిల్ వేయగానే పాల్ రాజ్ నీడ అతని చెప్పుల దగ్గర విడిపోయి, సున్నపు గీత దాటి, లెఫ్ట్ బ్యాక్ జాగాలో నిలబడేది. ఆఖరి విజిల్‌కు తిరిగొచ్చి కాళ్ళకు అంటుకునేది. బంతిని తాకదు కాబట్టి రెఫరీలు దాన్ని పట్టించుకునేవాళ్ళు కాదు. ఒకసారి ఆర్మూర్‌లో కొత్త రెఫరీ ఒకాయన కార్నర్ జెండా కనపడటం లేదని దాన్ని పక్కకు జరగమన్నాడు. జరిగింది. ఆట సాగింది.

రెండేళ్ళ కింద ఈ టీమే జిల్లా కప్పు గెలిచింది. అప్పుడు ఊరంతా, "పాల్ రాజ్ నీడ ఒక్కటే ఇద్దరు బ్యాకుల పెట్టు" అని చెప్పుకుంది. ఆ తర్వాత పాత పిల్లలు ఉద్యోగాలకూ అత్తగారిళ్ళకూ పోయారు. కొత్త పిల్లలొచ్చారు. పాతవాళ్ళకంటే వీళ్ళు గట్టిగా ఉరుకుతారు, బంతి కాలికి అతుక్కున్నట్టు ఆడతారు. అయినా ఈ ఏడు ఆడిన ప్రతి మ్యాచ్ ఓడిపోతూ వచ్చారు. కామారెడ్డి మీద సొంత గ్రౌండులో కూడా ఓడిపోయిన రోజున ఊరికి ఓపిక పోయింది.

గ్రౌండు గేటు పక్కన హన్మవ్వ మిరపకాయ బజ్జీల బండి ఉంది. మ్యాచ్ అయ్యాక తీర్పులన్నీ అక్కడే జరుగుతాయి. టీము కమిటీ ప్రెసిడెంటు రాజశేఖర్ ఎరువుల షాపు యజమాని. పిల్లలకు బూట్లు, డ్రెస్సులు అతనే కొనిపెట్టాడు. మైకు అవసరం లేని గొంతు.

"బూట్లు కొత్తయి, బంతి కొత్తది, పోరీలు లేళ్ళ లెక్క ఉర్కుతున్నరు" అన్నాడు రాజశేఖర్. "ఇగ తప్పెవరిది? కోచ్‌ది కాక నాదా?"

కెప్టెన్ అంకిత తండ్రి లింబాద్రి, చెరుకు రైతు, బజ్జీ ఊదుకుంటూ అడ్డం వచ్చాడు. "ముంగట గోలు ఖాళీగ ఉన్నా కొట్టకపోతే అందుల కోచ్ ఏం జేస్తడు శేఖర్? నా బిడ్డనే కొట్టలే ఇయ్యాల."

"నువ్వంటే అంటివి గని, నీ బిడ్డను ఇంకొకలు అంటే ఊకుంటవా?" అంది హన్మవ్వ, జల్లెడ గరిటెతో నూనె వంపుతూ. "అందుకే అందరు గా కోచ్‌నే అంటరు. పదకొండు మంది పోరీలకు పదకొండు మంది తండ్రులున్నరు. గాయినెకెవరున్నరీడ?"

పాల్ రాజ్ అక్కడే నిలబడి బజ్జీ తింటున్నాడు. నోట్లోది మింగి, "తప్పు నాదే శేఖర్" అన్నాడు.

రాజశేఖర్‌కు ఇంకా కోపం వచ్చింది. ఎదుటి మనిషి ఒప్పుకుంటే లొల్లి ముందుకు సాగదు.

"నువ్విట్ల ఒప్పుకుంటనే ఉంటవన్నా, మనం గట్ల ఓడిపోతనే ఉంటం. వచ్చే ఐతారం ఇందూరు టీముతోని మ్యాచ్. అది కూడ పాయెనంటే ఇగ నువ్వు షాపు సూస్కో. నాకు నీ మీద పగ లేదు. టీము కావాలె, అంతే."

ఇంట్లో ఈ మాట చెబితే భార్య ఎస్తర్ కుట్టుమిషన్ ఆపేసింది.

"గెలిస్తేనేమో పోరీలు మస్తు ఆడిండ్రు అంటవ్. ఓడితే తప్పు నాది అంటవ్. ఇదేం లెక్కయ్యా?"

"కోచ్ లెక్క గట్లనే ఉంటది."

"నిజంగ తప్పు నీదేనా, ఊకె అన్నవా?"

తప్పు తనదని అందరి ముందు చెప్పడం పాల్ రాజ్‌కు అలవాటే కానీ, ఆ తప్పేమిటో ఏనాడూ వెతుక్కోలేదు.

మరునాడు షాపులో ట్రాలీ కింద పడుకొని అతుకు వేస్తుంటే అంకిత వచ్చింది. కాలేజీ బ్యాగు బుజానే ఉంది. అతను బయటికొచ్చి ముఖానికున్న మాస్కు పైకెత్తేదాకా ఆగింది.

"సార్, ఒకటి చెప్త. కోపం చెయ్యొద్దు."

"చెప్పు బిడ్డ."

"బంతి నా కాలికి దొరకంగనే నేను ముంగట సూస్తలేను సార్. ఎన్కకు సూస్తున్న. మీ నీడ ఏడున్నదని. అది జర ఎన్కకు జరిగితే నేను ఎన్కకు పాస్ ఇస్తున్న. నేనొక్కదాన్నే కాదు, అందరం. గంతట్ల అవతలోళ్ళొచ్చి బంతి గుంజుకపోతున్నరు."

పాల్ రాజ్ చేతి గ్లోవు తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అయితే తప్పు నాదే గదా."

"నేను గట్లన్ననా?" అంకితకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ నీడ సక్కగనే నిలబడ్తది. దాన్ని సూసుడు మా తప్పు. గని కండ్లు మా మాటింటలేవు సార్."

ఆ సాయంత్రం ప్రాక్టీసులో పాల్ రాజ్ విజిల్ వేసి, నీడ వెళ్ళిపోయాక, పిల్లల కాళ్ళు చూడటం మానేసి కళ్ళు చూశాడు. గోల్‌కీపర్ సువర్ణ బంతి చేతిలో పట్టుకొని విసిరేముందు నీడ వైపు చూసింది. అంకిత సగం గ్రౌండు దాకా ఉరికి, తల వెనక్కి తిప్పింది. నీడ ఒక అడుగు వెనక్కి వేసింది. వెంటనే టీము టీమంతా ఒక అడుగు వెనక్కి వేసింది. పాల్ రాజ్‌కు నవ్వొచ్చింది. ఆ తర్వాత తన పాత ఆట గుర్తొచ్చింది. ఫ్యాక్టరీ టీములో ఆడినన్నాళ్ళూ అతను సెంటర్ లైన్ దాటి ఎరగడు. గోలు కాపాడటమే తెలుసు. తన భయం ఇంత మంది పిల్లల కాళ్ళకు చుట్టుకుందని తెలియదు.

ఇంటికి పోయి ఎస్తర్‌కు చెప్పాడు. పోవద్దంటే నీడ వినదు. కాలితో తొక్కిపట్టినా జారిపోతుంది.

ఎస్తర్ దారం కొరికి, "ఎండల నిలబడకు" అంది. "ఇందూరు గ్రౌండుల రేకుల షెడ్డుంది గదా. దాని కింద కూసో."

ఆదివారం పదకొండు మంది పిల్లలు, సగం ఊరు కలిసి ఇందూరుకు, అదే నిజామాబాద్‌కు, బస్సెక్కారు. పసుపు యార్డుకు పోయే బండ్లు రోడ్డుకు అడ్డం పడి బస్సు ఆగినప్పుడల్లా రాజశేఖర్ లేచి నిలబడి పిల్లలకు ధైర్యం చెప్పాడు. ఆయన ధైర్యం చెప్పినకొద్దీ వాళ్ళకు భయం పెరిగింది.

విజిల్ పడింది. పాల్ రాజ్ రేకుల షెడ్డు కింద, ఆఖరి వరుసలో కూర్చున్నాడు. సువర్ణ లెఫ్ట్ బ్యాక్ వైపు చూసింది. అక్కడ ఉత్త గడ్డి ఉంది. అంకిత చూసింది. ఇంకొకామె చూసింది. బంతి దొరికినవాళ్ళంతా దారి తప్పినవాళ్ళలా నిలబడిపోయారు. ఇందూరు పిల్లలు హాయిగా ఒక గోలు కొట్టేశారు.

"కోచ్ ఏడి?" అని రాజశేఖర్ అరిచాడు. వెతికితే షెడ్డులో కనపడ్డాడు. "పోరీలు ఎండల ఉర్కుతుంటే నువ్వు నీడకు కూసున్నవా అన్నా?"

చుట్టూ ఉన్న బోధన్ జనం తలా ఒక మాట అన్నారు. బజ్జీల పొట్లం పట్టుకొచ్చిన హన్మవ్వ కూడా, "గిదేం పద్ధతి బిడ్డా" అంది. పాల్ రాజ్ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చెబితే పిల్లలు ఓడిపోయినందుకు సాకు చెప్పినట్టుంటుంది. గెలిస్తే చెప్పే అవసరమే రాదు. బెంచీ అంచు గట్టిగా పట్టుకొని కూర్చున్నాడు. అంత కష్టమైన పని అతను జీవితంలో చేయలేదు.

హాఫ్ టైంలో అంకిత షెడ్డు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఒక్క చూపులో ఆమెకు అర్థమైంది. తిరిగిపోయి టీమును గుండ్రంగా నిలబెట్టింది.

రెండో సగంలో బోధన్ పిల్లలు అరవడం మొదలుపెట్టారు. ఇంతకుముందు మూగగా ఆడేవాళ్ళు. ఇప్పుడు "ఇటియ్యి!", "ఎన్క వస్తుంది సూడు!", "నువ్వు పో, నేనున్న!" అని ఒకరినొకరు పిలుచుకుంటున్నారు. గొంతులు షెడ్డు రేకులకు తగిలి మోగుతున్నాయి. ఒక షాట్ గోలు పోస్టుకు తగిలింది. ఇంకొకటి పైనుంచి పోయింది. గోలు మాత్రం పడలేదు. పొద్దు వాలుతోంది.

రాజశేఖర్ ఇక ఉండబట్టలేకపోయాడు. బెంచీలు దాటుకుంటూ వచ్చి పాల్ రాజ్ మోచెయ్యి పట్టుకున్నాడు. "లే అన్నా! ఓడిపోయేదుంటే అందరి ముంగట నిలబడి ఓడిపో!"

"శేఖర్, జర ఆగు. నన్ను గుంజకు."

వినలేదు. గీత దాకా లాక్కొచ్చి ఎండలో నిలబెట్టాడు. వాలు పొద్దు ఎండకు నీడ తాటి చెట్టంత పొడుగైంది. అది అప్పుడే చెప్పుల దగ్గర విడిపోయి, గ్రౌండులోకి పరుగెత్తి, తన జాగాలో నిలబడింది. పాల్ రాజ్ కళ్ళు మూసుకున్నాడు.

తెరిచేసరికి బంతి అంకిత దగ్గర ఉంది. ఆమె వెనక్కి చూడలేదు. నీడ ఒక అడుగు వెనక్కి వేసింది. దానితో పాటు ఎవరూ వేయలేదు. పదిమంది పిల్లలు ముందుకు పోతున్నారు. నీడ కొంచెంసేపు ఒంటరిగా నిలబడి, తర్వాత మెల్లగా వాళ్ళ వెనకాల నడిచి, సెంటర్ లైన్ దాటింది. అంకిత ఇద్దరిని తప్పించి, ఎడమ కాలితో కొట్టింది. బంతి వలలో పడింది.

రాజశేఖర్ ఎగిరి పాల్ రాజ్ మెడకు వేలాడాడు. ఇద్దరూ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటూ గంతులేస్తుండగానే ఆఖరి విజిల్ పడింది. ఒకటి, ఒకటి. గెలవలేదు, ఓడలేదు. తిరిగొచ్చిన నీడ ఆ కాళ్ళ గుంపులో తొందరగా ఒక జతను చూసుకొని అంటుకుంది.

మర్నాడు పొద్దున ఎరువుల షాపు ముందు లింబాద్రి యూరియా కోసం నిలబడి, "ఏంది శేఖర్, నీకు రెండు నీడలు పడుతున్నయి?" అన్నాడు.

రాజశేఖర్ కిందికి చూశాడు. ఒకటి తనది, పొట్టతో సహా. రెండోది సన్నగా, చేతులు మోచేతుల దాకా మడిచి ఉంది. వెంటనే వెల్డింగ్ షాపుకు పోయాడు. కాళ్ళకు కాళ్ళు ఆనించి నిలబడి చూశారు. దులిపి చూశారు. నీడ కదల్లేదు.

"ఉండనీ శేఖర్" అన్నాడు పాల్ రాజ్. అతనికి బుజాలు తేలికైనట్టుంది. "నాకు లేకున్నా ఫికర్ లేదు. పని మీదికి ఎలుతురు మంచిగ పడ్తది."

పాల్ రాజ్ ఇప్పుడు ఎండలో, గీత పక్కనే హాయిగా నిలబడతాడు. కష్టమంతా రాజశేఖర్‌ది. గ్రౌండులో ప్రాక్టీసు విజిల్ పడగానే ఎరువుల షాపు ముందు ఎండలో కూర్చున్నవాడి నీడ గల్లీ దాటి పోతుంది. అది పోయినంతసేపూ ఛాతీలో ఎవరో లాగుతున్నట్టుంటుంది. ఎవరు కింద పడ్డారో, ఎవరు బంతి వదిలేశారో అని కూర్చోలేడు, నిలబడలేడు. లెక్కలు తప్పుతాయి. చివరికి షాపు భార్యకు అప్పజెప్పి గ్రౌండుకే పోసాగాడు. పొట్ట మీద పాత బనియను, కాళ్ళకు తనే కొన్న బూట్లలో మిగిలిపోయిన జత.

తర్వాతి మ్యాచ్ గెలిచారు. ఆ పైది వర్ని టీము మీద ఓడిపోయారు. బజ్జీల బండి దగ్గర లింబాద్రి మొదలుపెట్టాడు: "గా కోచ్ జర తెలివితోని—"

"కోచ్‌ను అనకు" అన్నాడు రాజశేఖర్. గొంతు మాత్రం పాతదే. రోడ్డు మీద పోయేవాళ్ళు కూడా ఆగారు. "ఈడ నిలబడి అనుడు అల్కగుంటది. నా లోపల ఎట్లుంటదో నాకెర్క. అనాలె అంటే నన్ను అను. ప్రెసిడెంటును నేను."

హన్మవ్వ వేడి బజ్జీలు రెండు అతని చేతిలో పెట్టింది.

సోమవారం పొద్దుగాల, గడ్డి మీద మంచు ఇంకా ఆరకముందే, ప్రాక్టీసులో లెఫ్ట్ బ్యాక్ పిల్ల జ్వరంతో రాలేదు. రాజశేఖర్ పోయి ఆ జాగాలో, నీడ పక్కన నిలబడ్డాడు. అతను ఈ పుట్టుకలో బంతిని తన్నినవాడు కాడు. అంకిత అతన్ని చూసి, నవ్వి, మెత్తగా పాస్ ఇచ్చింది. అతను అరికాలుతో బంతిని ఆపాడు. ఆగింది. ఆగినందుకు ఆశ్చర్యపోయి గీత అవతలికి తిరిగాడు.

"అన్నా, ఇప్పుడేం జెయ్యాలె?"

"నన్నెందుకు సూస్తవ్?" అని అరిచాడు పాల్ రాజ్. "ముంగటికి సూడు!"