మా జిల్లా సున్నా

గడియారాలు బాగుచేసే దుకాణం పెట్టాలని మా అమ్మాయికి ముచ్చట. ఆ పని, వాళ్లమ్మ నేర్పిందే. దుకాణానికి చూసిన అద్దె గది సంగతి సాయంత్రంలోగా తేల్చి చెప్పాలి. ఈ పనితో ఇక్కడ ఎవరైనా బతుకుతున్నారో లేదో ముందు చూద్దామని లైబ్రరీ కంప్యూటర్ ముందు కూర్చున్నాం. రాష్ట్ర గణాంకాల్లో మా జిల్లా జనాభా దొరికింది. వ్యాపారాల పట్టికలో మాత్రం గడియారాల రిపేరుకు ఎదురుగా సున్నా ఉంది.

“ఇంత జనంలో ఒక్క కొట్టూ లేదు నాన్నా! బేరాల్లేక అందరూ మూసేసుకున్నట్టేగా. గది వద్దని చెప్పేస్తా,” అంటూ అమ్మాయి సంచీ భుజాన వేసుకుంది.

“ఆగవే! బస్టాండు పక్కన గడియారాల తాత రోజూ కొట్టు తెరుస్తున్నాడుగా? ఆయన్నెవరు ఎత్తుకెళ్లారు?”

పట్టికల అడుగున సన్నక్షరాలు చదవడం నా అలవాటు. “మందు సీసా మీద చీటీ కూడా వదలరు కదా!” అని మా ఆవిడ నవ్వేది. ఆ అలవాటే ఇవాళ అక్కరకొచ్చింది. జీతానికి మనుషులున్న దుకాణాలనే ఇందులో లెక్కించారట. ఒంటరిగా నడుపుకునేవారికి వేరే పట్టిక ఉంది. అది తెరిస్తే మా జిల్లాలోనే గడియారాలు బాగుచేసేవాళ్లు ముప్ఫై ఎనిమిది మంది!

“అమ్మయ్య, అందరూ ఉన్నారు!” అని అమ్మాయి గట్టిగా నవ్వేసరికి లైబ్రేరియన్ కూడా నవ్వాపుకోలేకపోయింది.

గదికి సరేనని ఫోన్ చేసేసి, మెట్లు దిగుతూ అడిగింది. “నేను ఒకరిని జీతానికి పెట్టుకుంటే ఆ సున్నా కాస్తా ఒకటవుతుంది కదూ?”

“నన్ను పెట్టుకో.”

“నువ్వా! ఏనాడైనా టైముకొచ్చావా?”

“అమ్మ పోయాక మనింటి గడియారం వెనకబడిందే. ముందు దాన్ని బాగుచెయ్యి, వస్తా.”